పునర్నిర్మాణమా? పైపూతా?



నిఘంటువులకు ఎక్కని మాట ఒకటి మన మోటారు వీధుల్లో రాజ్యమేలుతోంది. ఆ మాట ‘రీకండిషన్’. ఏలూరులో అడిగినా, తాడేపల్లిగూడెంలో అడిగినా, కొల్లేటి ఒడ్డున కైకలూరులోనో ఆకివీడులోనో అడిగినా, పాత కారుకు బ్రేకు భాగాలు కావాలనగానే మొదట చెవిన పడేది అదే. “కొత్తది దొరకదండీ, రీకండిషన్ ఉంది, వేసేయమంటారా?” అంటారు. మనం తల ఊపుతాం. ఆ తల ఊపుడు మీదనే నా ఫిర్యాదు.

ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. మొదటిది: అరిగిన భాగాన్ని పూర్తిగా విప్పి, తుప్పు వదలగొట్టి, చెడినవన్నీ మార్చి, కొలతలు సరిచూసి, మళ్ళీ కూర్చడం. రెండవది: కారుతున్న చోట ఒక్క రబ్బరు మార్చి తక్కినదంతా ఉన్నది ఉన్నట్లు వదిలివేయడం. మూడవది: తుక్కు కుప్పలోంచి ఏరిన దానిని కిరసనాయిలుతో కడిగి, నల్లరంగు కొట్టి, అట్టపెట్టెలో పెట్టడం. మొదటిదానిని పునర్నిర్మాణం అందాం. రెండవది మరమ్మతు. మూడవదానికి పైపూత అన్న పేరు చాలు. బడిలో పిల్లవాడు తత్సమాన్నీ తద్భవాన్నీ ఒకటే అంటే మార్కులు తగ్గించేవాళ్ళం. ఇక్కడ మూడింటినీ ఒకే పేరుతో అమ్ముతుంటే డబ్బులిచ్చి, దండం కూడా పెట్టి వస్తున్నాం.

నా వాదం దాచకుండా ముందే చెబుతాను. పాత కారుకు పునర్నిర్మించిన బ్రేకు భాగాలు కొనడంలో తప్పేమీ లేదు. దానిని ఎవరు, ఎప్పుడు, ఏవేవి మార్చి నిర్మించారో రాసివ్వకుండా అమ్మడం తప్పు. అడగకుండా కొనడం కూడా అంత తప్పే.

ఈ విషయంలో నాకు రెండు పక్షాలతోనూ తగవు ఉంది. మొదటి పక్షం, పాతది కనబడితే పారేయమనేవారిది. వీరిలో అధికులు హైదరాబాదులోనో అట్లాంటాలోనో ఉంటారు, సంక్రాంతికి వస్తారు, ఇంటిముందు అంబాసిడరును చూసి “ఇంకా దీన్నెందుకు ఉంచారండీ?” అని జాలిపడతారు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న అటువంటి బండి ఒకటి మా ఇంట ఉన్న మాట నిజమే. హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడరు తయారీని 2014 మేలో ఆపివేశారు. మారుతి 800 కూడా ఆ సంవత్సరం జనవరిలోనే ఆగిపోయింది. తయారీ ఆగినంత మాత్రాన అప్పటికే రోడ్డుమీద ఉన్న బండ్లు మాయమైపోవు గదా! కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన తుక్కు విధానం సైతం, మన ప్రాంతంలో, పరీక్షలో నెగ్గిన పాత కారును నడపవద్దనలేదు. 15 ఏళ్ళు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను పొడిగించుకునే వీలు ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025లో మరింత పెంచారు. రుసుము కట్టి, పరీక్ష నెగ్గి, నడుపుకొనేవాడిని నేరస్థుడిలా చూడటం తగదు.

బాగుచేసుకుని వాడుకోవడం మన ఇళ్ళకు కొత్త గుణం కాదు. నులక తెగితే మంచం మళ్ళీ అల్లించుకున్నాం. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే మళ్ళీ పూయించుకున్నాం. ఆ కళాయి మనిషి పని చేసిన తీరు ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. వీధిలో, పట్టపగలు, మన అరుగు ముందరే కొలిమి పెట్టేవాడు. గిన్నె తోమడం, నవాసారం చల్లడం, తగరం అద్దడం, గుడ్డతో తుడవడం, అంతా ఇల్లాలి కళ్ళెదుట జరిగేది. గిన్నె అడుగున చిల్లు ఉంటే “అమ్మా, దీనికి కళాయి నిలవదు” అని మొహం మీదనే చెప్పేవాడు. పునర్నిర్మాణానికి అంతకంటె మంచి ఆదర్శం నాకు తెలియదు. నా తగవు పనితో కాదు, ఆ పనిని వెనక గదిలోకి తీసుకుపోయి తలుపు వేయడంతో.

రెండవ పక్షం “బ్రేకు పడుతోంది గదా, ఇంకేం కావాలి?” అనేవారిది. వీరితో ఎక్కువసేపు మాట్లాడవలసి ఉంది.

బ్రేకు చేసే పని, బండిలోని వేగాన్ని వేడిగా మార్చి గాలికి వదిలిపెట్టడం. వేగం రెట్టింపైతే వదలగొట్టవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఏలూరు బజారులో 20 కిలోమీటర్ల వేగంతో పోతూ పెడలు నొక్కితే బండి ఆగింది కనుక, గూడెం దారిలో జాతీయ రహదారి మీద 80తో పోయేటప్పుడు కూడా ఆగుతుందనుకోవడం లెక్క తెలియని ధైర్యం. అక్కడ పని పదహారు రెట్లు. దుకాణం ముందు రెండు గజాలు నడిపి “చూశారా, పడింది” అని చూపించే పరీక్షకు విలువ అంతే.

పైగా మన నేల సంగతి ఉంది. ఏలూరు నుంచి కైకలూరు వైపు కొల్లేటి మీదుగా పోయే దారి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఇటు నీరు, అటు నీరు, మధ్యలో రోడ్డు. లంక గ్రామాలకు పోయే గట్టు దారుల మీద రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి అంచుకు ఒదగవలసిందే. చేపల లారీలోంచి మంచు కరిగిన నీరు కారుతూ ఉంటుంది. దాళ్వా కోతల నాడు రోడ్డు మీదనే ధాన్యం ఆరబోస్తారు. గేదెలు తమ తీరిక చూసుకుని దాటుతాయి. సైకిళ్ళ మీద బడిపిల్లలు నలుగురు ఒక వరుసలో పోతారు. ఇటువంటి దారిలో బ్రేకు పట్టకపోవడం ఎంత ప్రమాదమో, ఒక చక్రానికి గట్టిగా, దాని ఎదుటి చక్రానికి మెల్లగా పట్టడం అంత ప్రమాదం. బండి ఒక పక్కకు లాగుతుంది. మైదానంలో పక్కకు లాగితే పొలంలోకి పోతుంది. ఇక్కడ లాగితే కాలువలోకి. షూలు ఎప్పుడు మార్చినా ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ, ఒకే రకం లైనింగుతో మార్చాలనే నియమం ఇందుకే. “ఎడమది బాగానే ఉందండీ, కుడిది మాత్రం రీకండిషన్ వేద్దాం” అనే మెకానిక్కు మనకు ఆదా చూపించి గట్టు అంచున నిలబెడుతున్నాడు.

తేమ మరొక శత్రువు. బ్రేకాయిలు అంటాం గాని నిజానికి అది నూనె కాదు, గాలిలోని తడిని పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణం. నూటికి 3.7 వంతుల నీరు చేరినప్పటికి ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది, పెడలు నేలదాకా పోతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. ఆ నీరే సిలిండరు లోపలి గోడలను తుప్పుతో గుంటలు చేస్తుంది. చుట్టూ చెరువులున్న మన ప్రాంతంలో ఈ జబ్బు ఎండ ప్రాంతాల్లో కంటె త్వరగా వస్తుందని వేరే చెప్పాలా?

ఇక ఏది బాగుచేయవచ్చు, ఏది చేయరాదు అన్నది చూద్దాం. వ్యాకరణ పాఠంలో ఆదేశానికీ ఆగమానికీ భేదం చెప్పేవాళ్ళం. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదానిని తొలగించి దాని చోట కూర్చుంటుంది. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది. బ్రేకు భాగాలకు ఈ భేదం చక్కగా అమరుతుంది.

రబ్బరుకు ఎప్పుడూ ఆదేశమే. మాస్టరు సిలిండరు లోపలి కప్పులు, చక్రాల సిలిండర్లలోని కప్పులు, దుమ్ము ఆపే టోపీలు, రబ్బరు గొట్టాలు, వీటిలో ఏదీ కడిగి మళ్ళీ వేయదగినది కాదు. మరో మాట. ఈ కప్పులను కిరసనాయిలుతోనో, పెట్రోలుతోనో, డీజిలుతోనో కడిగే అలవాటు మన షెడ్లలో బాగా పాతుకుపోయింది. ఆ నూనెలు తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన కప్పు సిలిండరులో బిగుసుకుని వెనక్కి రాదు, బ్రేకు పట్టేసి డ్రమ్ము కాలుతుంది. కడగవలసింది బ్రేకు ద్రవంతోనో, దానికోసం ప్రత్యేకంగా చేసిన ద్రావకంతోనో. కొత్త రబ్బరు కిట్టు వేసి, కిరసనాయిలు డబ్బాలో ముంచి బిగించిన సిలిండరు పైకి పునర్నిర్మాణమే. కొన్నాళ్ళకు అది యజమానికి పాఠం చెబుతుంది.

సిలిండరు ఒంటికి ఆగమం నడుస్తుంది. లోపలి గోడ స్వల్పంగా గీరుకుపోయి ఉంటే సన్నగా సానపట్టవచ్చు. గుంటలు లోతుగా ఉంటే సానపట్టే కొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, కప్పు వదులవుతుంది. అప్పుడు లేతు మీద రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల ఇత్తడి గొట్టమో స్టెయిన్‌లెస్ గొట్టమో తొడిగి, మళ్ళీ అసలు కొలతకు తెస్తారు. దీనినే స్లీవు వేయడం అంటారు. చక్కగా చేస్తే పోతయినుము కంటె అదే తుప్పుకు బాగా తట్టుకుంటుంది. ఈ పని తెలిసిన చెయ్యి ఎక్కడ కనిపించినా నేను దానికి నమస్కరిస్తాను.

షూలలో ఇనుప ఒళ్ళు ఉంచుకోవచ్చు, లైనింగును మాత్రం మార్చాలి. ఒళ్ళు వంగిందా, అంచులు అరిగాయా అని మొదట చూడాలి. కొత్త లైనింగును రివెట్లతో బిగిస్తారు, లేదా జిగురు పెట్టి ఒత్తిడితో, వేడితో అతికిస్తారు. రివెట్టు తల లైనింగు ఉపరితలానికి బాగా లోపలగా ఉండాలి. లేకుంటే కొద్దిపాటి అరుగుదలకే పైకి తేలి డ్రమ్మును గాళ్ళు పడేటట్లు కోస్తుంది. లైనింగు వంపు డ్రమ్ము వంపుకు సరిపోయేటట్లు రుద్దించడం ఆఖరి మెట్టు. ఎక్కువమంది ఎగ్గొట్టేది కూడా అదే. డ్రమ్మును లేతు మీద పట్టిస్తే నునుపు వస్తుంది గాని ప్రతిసారీ పలచబడుతుంది. ఎంతవరకు పట్టించవచ్చో చాలా డ్రమ్ముల మీద అంకె పోతపోసి ఉంటుంది. ఆ అంకె దాటిన డ్రమ్ము వేడిని మోయలేదు, పగులుతుంది. దానికి తుక్కు కొట్టే గతి. పాత బండ్లలో కొన్నింటికి నాలుగు చక్రాలకూ ద్రవం ఒకే దారిన పోతుందని కూడా మరువకండి. ఎక్కడ ఒక్క కప్పు చినిగినా నాలుగూ పోతాయి, చేతి బ్రేకు ఒక్కటే దిక్కు.

ఇంత వివరం ఎందుకంటే, పైన చెప్పిన వాటిలో ఒక్కటి కూడా, రంగు కొట్టాక కంటికి కనిపించదు. కొంతకాలం క్రితం గూడెంలో ఒక దుకాణానికి మాస్టరు సిలిండరు కోసం వెళ్ళాను. పేరు అనవసరం, అటువంటివి ఆ ఒక్కచోటనే లేవు. మెరిసే పెట్టె తెచ్చి ముందు పెట్టారు. పెట్టె మీద రంగురంగుల బొమ్మ ఉంది, తయారీదారు ఊరూ పేరూ లేవు. టార్చి వేసి రంధ్రంలోకి చూశాను. మశూచి వచ్చి తగ్గిన మొహంలా గోడంతా గుంటలు.

“ఇది కొత్తదేనా బాబూ?” అని అడిగాను.

“కొత్తదాని లాంటిదేనండి మాస్టారూ.”

“రీకండిషనా?”

“ఆయ్, అదేనండి. పడుతుందా లేదా అన్నదే గదండి మనకి కావలసింది.”

“అయితే ఆ మాట బిల్లు మీద రాసివ్వు.”

“బిల్లు రాస్తే పన్ను పడుద్దండి, మీకే నష్టం. మిమ్మల్ని మోసం చేస్తానేంటండి?”

నోటితో ఉపమాలంకారం, పెట్టెతో రూపకాలంకారం! నోరు ‘లాంటిది’ అంటోంది, పెట్టె ‘అదే’ అంటోంది. కావ్యంలో ఇటువంటి చమత్కారానికి మెచ్చుకోలుగా తల ఊపవచ్చు. బ్రేకులో ఊపరాదు. పెట్టె అక్కడే పెట్టి వచ్చాను. ఆ తరవాత ఏలూరులో ఒక లేతు మేస్త్రీ నా పాత సిలిండరునే తీసుకుని, ఇత్తడి గొట్టం తొడిగి, కొత్త కప్పులు వేసి, లోపలి కొలత చీటీ మీద రాసిచ్చాడు. డబ్బు ఆ పెట్టె ధర కంటె ఎక్కువే అయింది. నేను కొన్నదేమిటో మాత్రం నాకు తెలుసు.

ఈ తెలియడం ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా కొల్లేటికి చేరి లంక గ్రామాలనూ ముంచింది. వేలాది బండ్లు రోజుల తరబడి బురదనీటిలో నానాయి. వాటిలో ఎన్నిటి సిలిండర్లు, ఎన్నిటి షూలు ఊడదీయబడి, రంగు పూసుకుని, పెట్టెలు ఎక్కాయి? ఒక్కటి కూడా ఎక్కలేదని చెప్పగలవారుంటే వారి పాదాలకు మొక్కుతాను. చెప్పలేకపోవడమే ఇక్కడి జబ్బు. చీటీ లేని భాగానికి చరిత్ర ఉండదు.

ఇప్పుడు రెండవ పక్షం వారి ఆక్షేపణలకు వస్తాను.

“పేదవాడు ఏం చేస్తాడండీ? కొత్తవి కొనగలడా?” అంటారు. కైకలూరు రేవులో చేపలు మోసే పాత వ్యాను డ్రైవరు కొత్తవి కొనలేడు, నిజమే. నిజాయితీగల పునర్నిర్మాణం అవసరమని నేనంటున్నది అతనికోసమే. డబ్బున్నవాడు పెట్టె మోసపుచ్చితే మరో పెట్టె కొంటాడు. ఆ డ్రైవరుకు ఉన్నది ఆ ఒక్క కొనుగోలు. అతనికి పైపూతను అంటగట్టి దానికి పేదల సేవ అని పేరు పెట్టడం నాకు అసహ్యం. అదీగాక, బ్రేకు పోతే దెబ్బ తినేవాడు ఎప్పుడూ కొనుగోలుదారే కాడు. ఎదురుగా సైకిలు మీద వచ్చే పిల్లవాడు ఏ బేరమూ ఆడలేదు, ఏ ఆదాలోనూ వాటా పొందలేదు.

“బిల్లు రాస్తే పన్ను” అనే మాట. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి బండి భాగాలలో చాలావాటి మీద 28 శాతం పన్ను ఉండేది. అది భారమే. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని 18 శాతానికి తగ్గించారు. పన్ను పదిపాళ్ళు దిగింది, మరి బిల్లు పుస్తకం బల్లమీదికి ఎక్కిందా? ఎక్కలేదంటే కారణం పన్ను కాదు. బిల్లు మీద ‘కొత్తది’ అని రాస్తే అబద్ధమవుతుంది, ‘పాతది’ అని రాస్తే ధర పడిపోతుంది. కాగితం లేకపోతే రెండు బాధలూ తప్పుతాయి.

“చిన్న పనివాళ్ళ పొట్ట కొడతారా?” అని మూడవ ఆక్షేపణ. పనివాడి పొట్ట కొడుతున్నది పైపూత వ్యాపారమే. చీటీ రాసిచ్చే లేతు మేస్త్రీ పక్కనే, చీటీ లేని పెట్టె సగం ధరకు దొరుకుతుంటే అతని విద్యను ఎవరు కొంటారు? అతని కొడుకు ఆ విద్య ఎందుకు నేర్చుకుంటాడు? పనివాళ్ళ మీద అంత దయ ఉన్నవారు మరో సంగతి కూడా చూడాలి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే కాన్సరు పుట్టించగలదని లోకమంతా ఒప్పుకున్న విషయం. షెడ్డులో పదిహేనేళ్ళ కుర్రవాడు డ్రమ్ము ఊడదీసి, గాలి గొట్టంతో ఉఫ్‌మని ఆ దుమ్మును తన మొహం మీదికే ఊదుకుంటాడు. ఏ పెట్టెలో ఏ లైనింగు ఉందో రాసి ఉంటే, తడిగుడ్డతో తుడవాలని ఎవరైనా చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. పేరులేని సరుకు మొదట వాడినే కాటు వేస్తుంది.

చట్టం ఏమంటోందో చాలామందికి తెలియదు. పునర్నిర్మించిన, వాడిన, బాగుచేసిన, రీకండిషన్ చేసిన పాత వస్తువులను కొత్తవిగా చూపి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అని 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే చెప్పింది. 2020 జులైలో అమలుకు వచ్చిన 2019 చట్టం దానిని నిలబెట్టి, బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చింది. వస్తువును పునర్నిర్మించి అమ్మేవాడు సైతం తయారీదారు నిర్వచనంలోకి వస్తాడని, లోపం వల్ల హాని జరిగితే బాధ్యుడవుతాడని అందులో ఉంది. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలు మీద జిల్లా కమిషనులో ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. 1915 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు. చట్టం ఇంత చేసి పెట్టినా, ఫిర్యాదుకు పట్టుకుపోవలసిన మొదటి కాగితం బిల్లే. దానిని నూటయాభై రూపాయల తగ్గింపుకు మనమే వదులుకుంటున్నాం.

అమెరికాలో ఉన్న బ్లాగు మిత్రులకు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు తెలిసే ఉంటాయి. విప్పి, లోపలా బయటా శుభ్రంచేసి, తుప్పు తీసి, చెడినవన్నీ మార్చి, అవసరమైన యంత్రపు పని అంతా చేస్తే తప్ప ఒక బండి భాగాన్ని ‘రీబిల్ట్’ అని పిలవరాదని అవి చెబుతాయి. అక్కడ దుకాణదారుడు పాత భాగానికి కొంత సొమ్ము ధరావతుగా పట్టి, మన పాతది తిరిగి ఇచ్చాక వాపసు చేసే పద్ధతి కూడా ఉంది. ఆ పాతది మళ్ళీ పునర్నిర్మాణానికే పోతుంది. అక్కడ మోసం లేదని నేననను. అక్కడ మాటకు ఒక అర్థం కట్టి పెట్టారు, దానిని తప్పితే నిలదీయడానికి ఒక ఆధారం ఉంది. మాటకు అర్థం కట్టడం పండితుల పని అంటారే, అది మనకే చేతగాకుండా పోయింది!

పాతదాన్ని బాగుచేసి, బాగుచేసిన సంగతి పైకి చెప్పడం మన సంప్రదాయానికి పరాయిది కానే కాదు. గుడికి జీర్ణోద్ధరణ చేసినవాడు ఫలానా శక సంవత్సరంలో ఫలానా మండపం బాగుచేయించానని రాతి మీద చెక్కించాడు. తాళపత్రాల కావ్యాన్ని అచ్చుకు సిద్ధంచేసిన పరిష్కర్త ఎన్ని ప్రతులు చూశాడో పీఠికలో చెప్పాడు, పాఠాంతరాలు అడుగున ఇచ్చాడు. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ప్రతికి ప్రతి పోల్చి చూపించింది ఆ శ్రద్ధతోనే. తన పద్యాన్ని పూర్వకవి పద్యమని చెప్పి మధ్యలో దూర్చినవాడిని మాత్రం మనం క్షమించలేదు, దానికి ప్రక్షిప్తం అని పేరు పెట్టాం. గుంటలు పడిన సిలిండరును కొత్త పెట్టెలో పెట్టి అమ్మడం అచ్చంగా ప్రక్షిప్తమే. పద్యంలో ప్రక్షిప్తం ఉంటే పరీక్షలో మార్కు పోతుంది. ఇక్కడ పోయేది మార్కు కాదు.

కనుక నేను కోరేది ప్రతి పునర్నిర్మిత బ్రేకు భాగానికి ఒక చిన్న పీఠిక. అరచేతిలో పట్టే చీటీ. అందులో ఇవి ఉంటే చాలు:

1. ఇది కొత్తదా, పునర్నిర్మించినదా, మరమ్మతు చేసినదా అన్న ఒక్క మాట.
2. మార్చినవి ఏవి, పాతవిగా ఉంచినవి ఏవి.
3. కొలతలు: సిలిండరుకు లోపలి వ్యాసం, డ్రమ్ముకు పట్టించిన తరవాతి వ్యాసం, షూకు లైనింగు మందం.
4. వేసిన లైనింగు ఎవరి తయారీ, ఏ రకం.
5. పని చేసినవారి పేరు, ఊరు, తేదీ.

ఇది రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. నిజంగా పని చేసినవాడికి రాయడం కష్టమే కాదు, గర్వం కూడా. రాయలేనివాడు ఎందుకు రాయలేడో మనకు అర్థమైపోతుంది. చీటీ అంతటితో ఒక పరీక్ష కూడా అవుతుంది.

కొనేవారికి మిగిలే పని తక్కువేమీ కాదు. బిల్లు అడగండి, ‘రీకండిషన్’ అన్న చోట పైమూడింటిలో ఏదో ఒకటి రాయించుకోండి. సిలిండరయితే టోపీ తీయించి లోపల దీపం వేసి చూడండి. షూలు జంటగా తీసుకోండి. మీ బండిలోంచి తీసిన పాత భాగాన్ని మీ కళ్ళతో చూసి, వీలైతే ఇంటికి తెచ్చుకోండి, అది మరొకరి పెట్టెలోకి ఎక్కకుండా ఉంటుంది. ద్రవం పూర్తిగా మార్పించి, గాలి తీయించండి. సీటు కవర్ల దగ్గర, పాటల పెట్టె దగ్గర ఎంతైనా బేరమాడండి. బ్రేకు దగ్గర మాత్రం ధర ఎంతని అడగడానికి ముందు చీటీ ఏదని అడగండి.

‘పునర్నిర్మాణం’ అన్న మాట షెడ్డులో నోరు తిరగదని కొందరు అనవచ్చు. ఒప్పుకుంటాను. ‘తిరగకట్టినది’ అనండి, ‘మళ్ళీ కూర్చినది’ అనండి. ఇంతకంటె తేలికైన మాట తోస్తే వ్యాఖ్యలలో సూచించండి, సంతోషంగా స్వీకరిస్తాను. మీ మీ ఊళ్ళలో ఈ సరుకు ఏ పేరుతో, ఏ కాగితంతో అమ్ముతున్నారో కూడా రాయండి. దుకాణదారులలో ఎవరైనా ఇది చదివి నన్ను తిట్టదలచుకుంటే నిరభ్యంతరంగా తిట్టవచ్చు. తిట్టు కింద మాత్రం, చీటీ మీద కోరినట్లే, పేరూ ఊరూ తేదీ వేయండి.